చంటిబిడ్డతో విమానయానం

తొలికాన్పు పుట్టింట జరగడం తెలుగువారి ఆచారం. బిడ్డకు మూడవ నెలలోనో ఐదవ నెలలోనో మంచిరోజు చూసి, చీరె సారెలతో తల్లీబిడ్డలను అత్తవారింటికి సాగనంపుతారు. ఒకప్పుడు ఆదోని వారికి ఆ అత్తవారిల్లు ఎమ్మిగనూరులోనో, పత్తికొండలోనో, మరీ దూరమైతే బళ్ళారిలోనో ఉండేది. బస్సో రైలో ఎక్కితే పొద్దు గూకేలోగా చేరేవారు. నేడు అల్లుడు ఢిల్లీలోనో పుణెలోనో కొలువు చేస్తున్నాడు. ఒక పగలు, ఒక రాత్రి రైలులో పసికందును ఉంచడం కంటె రెండు గంటల విమానమే మేలని కుటుంబాలు తలుస్తున్నాయి. అయితే ఆదోని పత్తికి, ఎమ్మిగనూరు నేతకు పేరుపడిన పట్టణాలే కాని, రెంటిలోనూ విమానాశ్రయం లేదు. ఎమ్మిగనూరుకు రైలు సౌకర్యం సైతం లేదు. ఆ రెండు గంటల ప్రయాణానికి ముందు ఎన్ని గంటలు నేలపై గడపాలో లెక్కించకుండా టిక్కెట్టు కొనడం తగదు.

ఈ ఏర్పాటు నిజానికి బారసాల నాటికే ఆరంభం కావాలి. జననాన్ని 21 రోజులలోగా రిజిస్ట్రారుకు తెలపాలని 1969 నాటి జనన మరణ నమోదు చట్టం చెబుతున్నది. అనేక ఇళ్ళలో నామకరణం జరిగేది కూడ ఇరవై ఒకటవ రోజుననే. పేరు నిశ్చయం కాకున్నా జననాన్ని నమోదు చేయించి, పేరును తరువాత చేర్పించవచ్చును. ఆ పని మరచిన ఇళ్ళలో ప్రయాణపు రోజున చిక్కు వస్తుంది. విమానసంస్థ బిడ్డ వయసుకు రుజువు అడుగుతుంది. పత్రంలో బిడ్డ పేరే ఉండదు. మరొక చిక్కు ఇంటిపేరుది. మనవారు దానిని ఒక్క పొడి అక్షరంగా రాసి ఊరుకొంటారు. టిక్కెట్టులో అది పూర్తిగా కావాలి. పత్రంలో ఒక తీరున, టిక్కెట్టులో మరొక తీరున పేరుంటే విమానాశ్రయ ద్వారం వద్ద సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. విదేశానికి వెళ్ళేటట్లయితే పొత్తిళ్ళలోని బిడ్డకైనా వేరుగా పాస్‌పోర్టు ఉండాలి. 2023 అక్టోబరు 1 నాడు గాని, ఆ తరువాత గాని పుట్టిన వారికి పాస్‌పోర్టు కోసం జననతేదీకి జనన ధ్రువపత్రమొక్కటే ఆధారం.

రెండేండ్లు నిండని బిడ్డను విమానసంస్థలు ఒడిబిడ్డగా పరిగణిస్తాయి. ప్రత్యేకమైన సీటు ఉండదు, రుసుము స్వల్పం. పెద్దవారొకరికి ఒక ఒడిబిడ్డకే అనుమతి. కనుక కవలలతో తల్లి ఒంటరిగా బయలుదేరితే ఇద్దరినీ ఒడిలో కూర్చోబెట్టుకొనడానికి వీలుండదు. తోడుగా మరొక పెద్దవారు ఉండాలి. తిరుగు ప్రయాణం నాటికి బిడ్డకు రెండేండ్లు నిండితే, ఆ ప్రయాణానికి పూర్తి సీటు కొనవలసిందే. టిక్కెట్టు కొనేటప్పుడే బిడ్డ వివరాలు కూడ ఇవ్వడం మంచిది. ఒక్కో విమానంలో ఒడిబిడ్డల సంఖ్యకు పరిమితి ఉంటుంది. ఆపత్సమయంలో ఒడిలోని బిడ్డకు కూడ ప్రాణవాయువు అందించే తొడుగు కావాలి. అదనపు తొడుగులు ప్రతి వరుసలోనూ లెక్కకు మించి ఉండవు.

ఇక ఏ విమానాశ్రయం? కర్నూలు చేరువలోని ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. అదే నెల 28 నుండి బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు నడిచాయి. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అక్కడి నుండి నడిచే సర్వీసులు మారుతుంటాయి కనుక బయలుదేరే నెలలో ఏవి ఉన్నవో చూసుకోవాలి. ఇతర నగరాలకు శంషాబాదు గాని దేవనహళ్ళి గాని శరణ్యం. ఎమ్మిగనూరు వారికి కర్నూలు మీదుగా శంషాబాదు రోడ్డు అనువు. ఆదోని వారికి గుంతకల్లు, ధర్మవరం మీదుగా బెంగళూరు వెళ్ళే రైలు ఉంది. దేవనహళ్ళికి బెంగళూరు ప్రధాన స్టేషను కంటె యలహంక దగ్గర. అక్కడ ఆగే రైలు దొరికితే నగరపు రద్దీ తప్పుతుంది.

చౌక టిక్కెట్టు తరచుగా తెల్లవారుజాము విమానానిదే అయి ఉంటుంది. దానిని అందుకోవాలంటే ఆదోనిలో ముందటి రాత్రి భోజనాల వేళకే కారెక్కాలి. డ్రైవరుకు నిద్ర, తల్లికి నిద్ర, బిడ్డకు నిద్ర — మూడూ చెడతాయి. వేయి రూపాయలు ఆదా చేసి రాత్రంతా రహదారిపై గడపడం తెలివైన బేరం కాదు. పెద్దలు చూసే మంచిరోజుతో పాటు మంచి పూటను కూడ చూడాలి.

ఈ మాట ఊరకే చెప్పినది కాదు. 1989 జులై 19న డెన్వరు నుండి చికాగో వెళ్తున్న యునైటెడ్ సంస్థ విమానం అదుపు తప్పి సూ సిటీలో కూలింది. అందులోని 296 మందిలో 112 మంది మరణించారు. నలుగురు ఒడిబిడ్డలు ఉన్నారు. నాటి నియమం ప్రకారం వారిని నేలపై దుప్పట్ల నడుమ ఉంచమని విమాన సిబ్బందికి నాయకురాలైన జాన్ బ్రౌన్ తల్లిదండ్రులకు చెప్పవలసి వచ్చింది. నలుగురిలో ఒక బిడ్డ దక్కలేదు. ప్రాణాలతో బయటపడిన ఆమె, బిడ్డలకు ప్రత్యేక సీటు తప్పనిసరి చేయాలని ఆ తరువాత ఏండ్ల తరబడి పోరాడింది. అమెరికా విమానయాన శాఖ 2005లో దానిని నిరాకరించింది. అదనపు సీటు కొనలేని కుటుంబాలు కారులో పయనిస్తాయి, రహదారి ఆకాశం కంటె ప్రమాదకరం, అప్పుడు మరణాలు పెరుగుతాయి అని ఆ శాఖ వాదన. ఎవరి పక్షం సబబో తేల్చడం కష్టమే. బిడ్డను గట్టిగా పట్టుకోవాలన్న తల్లి ప్రేమ, పెద్ద కుదుపు ముందు ఆమె చేతుల బలాన్ని పెంచజాలదు. స్తోమత ఉన్నవారు బిడ్డకు సీటు కొని, పిల్లల భద్రతాసనాన్ని అనుమతించే సంస్థను ఎంచుకొనడం ఉచితం. ఆ శాఖ వాదన మాత్రం ఆదోని వారికి మరొక తీరున వర్తిస్తుంది. ఇక్కడ విమానమెక్కే వారికి కూడ రహదారి తప్పదు. ముందుసీటులో అమ్మమ్మ ఒడిలో బిడ్డను కూర్చోబెట్టి శంషాబాదు దాకా వెళ్ళడమే ఆ ప్రయాణమంతటిలో ఎక్కువ అపాయకరమైన భాగం. పదునాలుగేండ్ల లోపు పిల్లలకు కారులో బెల్టు గాని తగిన ఆసనం గాని ఉండాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం నిర్దేశించింది. చాలామంది దానిని పట్టించుకోవడం లేదు.

విమానం లోపల పెద్దలు భయపడినంత కష్టం ఉండదు. బిడ్డకు కావలసిన పాలను, ఆహారాన్ని భద్రతా తనిఖీలో తగిన మేరకు అనుమతిస్తారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, జలుబు చేసిన బిడ్డకు ముందుగా వైద్యుని సలహా అవసరం. దూరదేశాల విమానాలలో ముందు వరుస గోడకు అమర్చే చిన్న తొట్టెను టిక్కెట్టుతోనే కోరాలి. బరువు మించిన బిడ్డకు దానిని ఇవ్వరు.

బిడ్డ ఏడ్చేది ఎక్కువగా విమానం దిగేటప్పుడు. లోపలి గాలి ఒత్తిడి క్రమంగా పెరుగుతుంది. చెవిని గొంతుతో కలిపే సన్నని నాళం పసివారిలో త్వరగా తెరుచుకోదు, చెవి పోటెత్తుతుంది. గుటక వేస్తే ఆ నాళం తెరుచుకొంటుంది. చక్రాలు నేలను తాకడానికి అరగంట ముందే దిగడం మొదలవుతుంది. అంతకు మునుపే కడుపు నింపిన బిడ్డ ఆ వేళకు పాలు తాగదు. కాబట్టి ఒక పాలపూటను ఆ అరగంటకు అట్టిపెట్టాలి.