పదకొండు మీటర్ల దూరము
(యౌవనస్థులకును, వారిని పెంచువారికిని ఒక పాఠము)

పాఠోద్దేశము: పెద్ద ఆటకు ముందు కలుగు కలవరము ఎట్టిదో గ్రహించి, దానిని నిబ్బరముతో ఎదుర్కొను మార్గము నేర్చుకొనుట.



రేపు ఉదయము ఫైనలు ఆట. రాత్రి పదకొండు గంటలైనను కంటికి నిద్ర రాదు. కడుపులో ఏదో త్రిప్పినట్లున్నది. బూట్లు సంచిలో పెట్టితినో లేదో అని మూడు మారులు లేచి చూచితివి. “నా తప్పువలన జట్టు ఓడిపోయినయెడల నా గతి ఏమి?” అను ప్రశ్న ఒక్కటే మనస్సులో తిరుగుచున్నది. ఫుట్‌బాలు ఆడు పిల్లలలో ఇట్టి రాత్రిని ఎరుగనివారు అరుదు. ఈ నెల పాఠము ఆ రాత్రిని గూర్చినదే.

1. పెద్ద మైదానములో ఒక పిన్నవాడు

2021 జూలై 11వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానములో యూరపు ఛాంపియన్‌షిప్పు ఫైనలు జరిగెను. ఇంగ్లండు, ఇటలీ జట్లు 120 నిమిషములు ఆడి చెరియొక గోలుతో సమానముగా నిలిచెను. అప్పుడు పెనాల్టీలతో తీర్పు చేయవలసి వచ్చెను. ఇంగ్లండు పక్షమున రాష్‌ఫర్డ్ కొట్టిన బంతి గోలు స్తంభమునకు తగిలెను. సాంచో కొట్టిన బంతిని ఇటలీ గోల్‌కీపరు డోనరుమ్మ ఆపెను. ఐదవ వాడుగా బుకాయో సాకా వచ్చెను. అప్పటికతనికి 19 ఏండ్లు. అతని బంతియు ఆపబడెను, ఇంగ్లండు ఓడిపోయెను. ఆ రాత్రియే నల్లజాతివారైన ఆ ముగ్గురిమీద సోషల్ మీడియాలో జాతిద్వేషపు దూషణలు కురిసెను.

ఆ పిన్నవాని ఆట అంతటితో ముగిసెనని అనుకొన్నవారు ఉండవచ్చును. కాని 2024 జూలై 6వ తేదీన జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరములో, అదే పోటీ క్వార్టరు ఫైనలులో, ఇంగ్లండు స్విట్జర్లాండుతో ఆడెను. వెనుకబడియున్న తన జట్టుకు 80వ నిమిషమున సమానపు గోలు చేసినవాడు సాకా. తిరిగి పెనాల్టీలు వచ్చినప్పుడు అతడు మరల ముందుకు నడచి బంతిని గోలులోనికి పంపెను. ఇంగ్లండు 5–3 తో గెలిచెను. పెనాల్టీ చుక్క నుండి గోలునకు దూరము ఆనాడును 11 మీటర్లే, ఈనాడును 11 మీటర్లే. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు, అదియు మారలేదు. ఒక తప్పు ఒక మనుష్యుని కథకు ముగింపు కాదని ఈ సంగతి మనకు నేర్పుచున్నది.

2. కలవరము శత్రువు కాదు

మనము ముఖ్యమైన పనికి పూనుకొనునప్పుడు మూత్రపిండములపైనున్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును. ఊపిరి త్వరపడును. రక్తము కండరములవైపు ఎక్కువగా ప్రవహించును. జీర్ణక్రియ మందగించును గనుక కడుపులో త్రిప్పినట్లుండును. ఇది జబ్బు కాదు, పిరికితనము అంతకంటె కాదు. పరుగెత్తుటకు శరీరము సిద్ధమగుచున్నది, అంతే.

కావున “నేను భయపడుచున్నాను” అని నీతో నీవు చెప్పుకొనుటకు బదులు, “నా శరీరము సిద్ధమైయున్నది” అని చెప్పుకొనుము. ఇది బొంకు కాదు. జరుగుచున్న దానిని సరియైన పేరుతో పిలుచుట.

3. తొందర తెచ్చు నష్టము

నార్వే దేశపు పరిశోధకుడు గేర్ యోర్డెట్ గారు గొప్ప పోటీలలోని పెనాల్టీలను అనేక సంవత్సరములు పరిశీలించిరి. గోలు చేసినచో వెంటనే జట్టు గెలుచునట్టి సమయమున, పదింటిలో సుమారు తొమ్మిది గోలులైనవి. తప్పినచో వెంటనే జట్టు ఓడునట్టి సమయమున, పదింటిలో సుమారు ఆరే గోలులైనవి. బంతి ఒక్కటే, దూరము ఒక్కటే. తేడా మనస్సులో నున్నది. “పోగొట్టుకొందునేమో” అను తలంపు కాలిని బరువు చేయును.

మరియొక సంగతియు వారు చూపిరి. రిఫరీ ఈల వేసిన మరుక్షణమే పరుగెత్తి కొట్టినవారు, కొంచెము నిలిచి కొట్టినవారికంటె ఎక్కువగా తప్పిరి. కలవరపడినవాడు ఆ బాధ త్వరగా తీరిపోవలెనని తొందరపడును. ఈల మనలను తరుముటకు కాదు. అది అనుమతి మాత్రమే. ఈల విన్న తరువాత ఒక్క నిండు ఊపిరి తీసికొనుటకు వ్యవధి కలదు.

4. మన రహీము గారి జట్టు

ఈ విషయములో మన హైదరాబాదునకును ఒక సాక్ష్యము కలదు. హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము గారు 1962లో జకార్తా ఆసియా క్రీడలకు భారత జట్టును తీసికొని వెళ్లిరి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2 తో ఓడిరి. పైగా ఇజ్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుటను ఒక భారత అధికారి ఆక్షేపించినందున అచ్చటి జనులు మనవారిపై కోపముగా నుండిరి. ఫైనలు నాడు మైదానమంతయు మనవారిని ఎగతాళి చేసి కేకలు వేసెను.

ఎదుటనున్నది తమను ఓడించిన కొరియా జట్టే. తలకు గాయమై కుట్లు పడియున్న రక్షక ఆటగాడు జర్నైల్ సింగును రహీము గారు ముందు వరుసలో ఆడించిరి. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు చేసిరి. భారతము 2–1 తో బంగారు పతకము గెలిచెను. జనుల కేకలను ఆపుట ఆ జట్టు చేతిలో లేదు. మొదటి ఓటమిని చెరిపివేయుటయు వారి చేతిలో లేదు. తనకు అప్పగింపబడిన పని మాత్రము ప్రతివాని చేతిలో నుండెను. మన చేతిలోనున్న దానిని పట్టుకొని, లేనిదానిని విడిచిపెట్టుటయే నిబ్బరము.

5. అలవరచుకొనవలసిన క్రమము

(అ) ఆటకు వారము ముందునుండియే నిద్రవేళను స్థిరపరచుకొనుము. అప్పుడు చివరి రాత్రి నిద్ర కొంచెము తగ్గినను పెద్ద నష్టము కలుగదు. పడుకొని విశ్రమించుటయు మేలే.

(ఆ) సంచి సాయంకాలమే సర్దుకొని, ఇక దానిని ముట్టకుము.

(ఇ) కన్నులు మూసికొని ఐదు నిమిషములు ఆటను మనస్సులో ఆడుము. మంచి పాసు మాత్రమే కాదు, తప్పిన పాసును కూడ చూడుము. ఆ వెంటనే నీవు వెనుకకు పరుగెత్తి నీ స్థలము చేరుటను చూడుము. తప్పు తరువాత ఏమి చేయవలెనో ముందే తెలిసినవాడు తప్పు వలన కూలిపోడు.

(ఈ) ఊపిరిని నాలుగు లెక్కించునంతసేపు లోనికి తీసికొని, ఆరు లెక్కించునంతసేపు మెల్లగా విడువుము. దీనిని ప్రతిదినము అభ్యసించుము. అభ్యాసములో లేనిది ఆపదలో జ్ఞాపకము రాదు.

(ఉ) “గెలువవలెను” అనునది నీ ఒక్కని చేతిలో లేదు. “మొదటి పది నిమిషములు నా స్థలము విడువను, బిగ్గరగా పిలుతును” అనునది నీ చేతిలో నున్నది. అట్టి చిన్న గురిని ఒకటి రెండు మాత్రము పెట్టుకొనుము.

6. తల్లిదండ్రులకును శిక్షకులకును ఒక మాట

పిల్లవాని భయము అనేక పర్యాయములు బంతిని గూర్చినది కాదు, మన ముఖమును గూర్చినది. ఓడి వచ్చినచో నాన్నగారు మాట్లాడుదురా, అమ్మ ముఖము ఎట్లుండును అని వాడు తలంచుచుండును. ఆటకు ముందు దినమున “మన ఊరి పరువు నీ చేతిలో నున్నది” అని చెప్పుట పిల్లవాని భుజములపై మన మూటను పెట్టుటయే. వాని తప్పులను ఇంటికి వచ్చు దారిలోనే లెక్కింపకుడి. ముందు అన్నము పెట్టుడి.

2021లో సాకా తన క్లబ్బునకు తిరిగి వచ్చినప్పుడు, అభిమానులు వ్రాసిన లేఖలతో ఒక గోడంతయు నింపి అతనికి చూపిరి. అంత గోడ మనకు అక్కరలేదు. “ఓడినను గెలిచినను నీవు మావాడవే” అని ఆటకు ముందే ఒక్క మారు చెప్పినయెడల, ఆ పదకొండు మీటర్లను పిల్లవాడు తేలికయైన పాదములతో నడచును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పెద్ద ఆటకు గాని పరీక్షకు గాని ముందు నీ శరీరములో కలుగు మార్పులేవి? వాటిని ఇదివరకు ఏ పేరుతో పిలిచితివి?
2. జకార్తాలో మన జట్టు చేతిలో నున్నదేది, లేనిదేది? రాబోవు నీ ఆటలో?
3. తప్పు చేసిన తోటి ఆటగానితో మొదట పలుకవలసిన మాట ఏది?
4. (పెద్దలకు) మన పిల్లలు గెలుపుకొరకు ఆడుచున్నారా, మన మెప్పుకొరకు ఆడుచున్నారా?