అద్దకం నీళ్లు: రంగు విరిగితే చాలా?

ప్రశ్న: మేం నూలుకు రియాక్టివ్ రంగులు అద్దుతాం. మిగిలిన రంగునీళ్లలో ఇనుప ఖనిజం పొడి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే రంగు విరిగిపోతుందంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, పోచంపల్లి)

జవాబు: నిజమే. ఇనుప లవణం, పెరాక్సైడ్ కలిస్తే ఆక్సీకరణ ఎంత జోరుగా సాగుతుందో ఫెంటన్ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త 1894లోనే చూపించాడు. అక్కడ పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ రెప్పపాటు కూడా నిలవదు కానీ, ఎదురైన కర్బన అణువునల్లా చీలుస్తుంది. రియాక్టివ్ రంగుల్లో చాలావి అజో రకమే; వాటిలో రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య జంట బంధం తెగగానే రంగు పోతుంది. లవణం బదులు మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం పొడి వాడితే ఇనుప బురద తగ్గుతుంది, పొడిని అయస్కాంతంతో తీసి మళ్లీ వాడుకోవచ్చు.

చిక్కంతా మీ తొట్టిలోనే ఉంది. ఈ చర్య పీహెచ్ 3 దగ్గర బాగా సాగుతుంది. సోడా వేసిన అద్దకం నీళ్లు 10, 11 దగ్గర ఉంటాయి. అంత కిందికి దించడానికి ఆమ్లం, పని అయ్యాక మళ్లీ పైకి తేవడానికి సున్నం కొనాలి. రంగు నూలుకు పట్టాలని మీరు గుప్పించే ఉప్పులోని క్లోరైడ్ కూడా రాడికల్స్‌ను మింగేస్తుంది. ప్రయోగశాలలో స్వచ్ఛమైన నీళ్లలో కలిపిన రంగుకు వచ్చిన ఫలితం మీ నీళ్లకూ వస్తుందని నమ్మి పెట్టుబడి పెట్టకండి. పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజమైతే తనంతట తానే నీళ్లను పుల్లబరుస్తుంది. కానీ దాంతో పాటు ఆర్సెనిక్ వచ్చే ప్రమాదముంది. నేనైతే వద్దంటాను.

ప్రశ్న: నీళ్లు తేటబడ్డాక కాలవలోకి వదలొచ్చా? (అదే పాఠకుడు)

జవాబు: వదలకూడదు. రంగు అణువు విరిగితే ముక్కలు మిగులుతాయి. వాటిలో కొన్ని ఆరోమాటిక్ అమైన్లు కావచ్చు, అవి రంగు కన్నా ప్రమాదకరం. సీఓడీ (నీళ్లలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) పరీక్షలో అంకె తగ్గితేనే కాలుష్యం తగ్గినట్టు. ఉప్పునైతే ఏ ఖనిజమూ ముట్టుకోదు. తమిళనాడులోని తిరుప్పూరులో నొయ్యల్ నదినీ, ఒరత్తుపాళయం జలాశయం కింది పొలాలనూ పాడుచేసిన వాటిలో ఈ ఉప్పు ముఖ్యమైనది. చివరికి 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూయించింది.

ప్రశ్న: మా జిల్లాలో మాంగనీసు దొరుకుతుంది కదా, దాంతో కాదా? (ఒక విద్యార్థిని, విజయనగరం)

జవాబు: అవుతుంది. మాంగనీసు డయాక్సైడ్ పుల్లటి నీళ్లలో పెరాక్సైడ్ లేకుండానే కొన్ని రంగులను ఆక్సీకరిస్తుంది. రెండూ మాత్రం కలపకు. ఆ ఖనిజం పెరాక్సైడ్‌ను ఆక్సిజన్‌గా పొంగించేస్తుంది, డబ్బు నురగై పోతుంది. కరిగిన మాంగనీసును మళ్లీ నీళ్లలోంచి తీయాల్సిన పని కూడా ఉంటుంది.

పోచంపల్లి పాఠకుడికి ఒక మాట: ముందు మొదటి తొట్టి చిక్కటి రంగునీళ్లను కడుగునీళ్లలో కలపకుండా విడిగా పట్టండి. వాటి సీఓడీ, ఉప్పు శాతం పరీక్ష చేయించాకే ఏ పొడైనా కొనండి.