అరువు – ఎఱుక

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కాలిఫోర్నియా రాష్ట్రమున, ఫ్రెస్నో అను నగరము కలదు. 1958వ సంవత్సరము సెప్టెంబరు మాసమున బ్యాంక్ ఆఫ్ అమెరికా అచటి ప్రజలలో సుమారు 60,000 మందికి టపాలో ఒక్కొక్క క్రెడిట్ కార్డును పంపెను. వారు దానిని కోరియుండలేదు. దానిని చూపినచో అంగడిలో రొక్కము లేకయే సరకు లభించును. సొమ్ము తరువాత చెల్లింపవచ్చును. ఈ పద్ధతి రాష్ట్రమంతట వ్యాపించిన కొలదికాలమునకే పెక్కుమంది బాకీలు తీర్పలేకపోయిరి. బ్యాంకునకును నష్టము వాటిల్లెను. కోరనివారికి కార్డులు పంపుటను 1970లో ఆ దేశము చట్టముచే నిషేధించెను.

మన దేశమునకు క్రెడిట్ కార్డు 1980వ సంవత్సర ప్రాంతమున వచ్చెను. నేడు ఒకే విధమగు కార్డును పొందిన యిద్దరిలో ఒకడు దానిని మెచ్చుకొనును, మఱొకడు నిందించును. నిబంధనలు ఇరువురకును సమానమే. ఈ భేదమునకు ముఖ్య కారణములలో నొకటి లెక్క తెలియుట, తెలియకపోవుట.

బ్యాంకు ప్రతి మాసము పంపు బిల్లులో రెండు మొత్తము లుండును: ఒకటి పూర్తి బాకీ, రెండవది కనీసము చెల్లింపవలసిన సొమ్ము. గడువులోగా పూర్తి బాకీ తీర్చినవానికి కొనుగోళ్ళపై వడ్డీ యుండదు. కనీసపు సొమ్ము మాత్రమే కట్టినచో ఆలస్య రుసుము తప్పును గాని వడ్డీ తప్పదు. పైగా, పాత బాకీ మిగిలియుండగా క్రొత్త కొనుగోళ్ళకును వడ్డీలేని గడువు దొరకదు.

ఒకని బాకీ 10,000 రూపాయలు, వడ్డీ నెలకు నూటికి 3 రూపాయలు అనుకొనుడు. అతడు క్రొత్తగా ఏమియు కొనక, నెలకు 500 రూపాయలు కట్టుచున్నాడు. మొదటి నెలలో 300 రూపాయలు వడ్డీకే పోవును. అసలులో తగ్గునది 200 మాత్రమే. పండ్రెండు నెలలలో 6,000 రూపాయలు కట్టియు, అతడింకను సుమారు 7,160 రూపాయలు బాకీపడి యుండును. ఊరి షావుకారు మూడు రూపాయల వడ్డీ యనిన జంకు మనుజుడే, బిల్లులో ‘కనీసము’ అను మాటను చూచి ధైర్యపడుచున్నాడు!

కనీసపు సొమ్మునే కట్టుచు పోయినచో ఋణము నెలలు, సంవత్సరములు సాగునని వినియోగదారునకు స్పష్టముగా తెలుపవలెనని భారతీయ రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించెను. కాని హెచ్చరికను చదివి, లెక్కవేసి చూచుకొనవలసినవాడు కార్డుదారుడే. సంతకము చేయుటకు పూర్వమే వడ్డీని, గడువును, రుసుములను తెలిసికొనినవానికి ఆ కార్డు సౌకర్యమగును. తెలియనివానికి అదియే నెలనెలకు పెరుగు భారమగును.

ప్రశ్నలు

1. ఫ్రెస్నో వృత్తాంతము వలన తెలియు నీతి యేమి?
2. కనీసపు సొమ్ము మాత్రమే చెల్లించుటవలన కలుగు నష్టమును లెక్కతో వివరింపుము.