ఉష్ణదేశ యాత్రికుడు

పాఠ్యోద్దేశం: తొలిసారి ఉష్ణమండల ప్రాంతానికి వచ్చే యాత్రికుడు పాటించవలసిన ఆరోగ్య నియమాలనూ, లోకమర్యాదలనూ తెలియజేయడం. అతిథికి మార్గం చెప్పే నేర్పును విద్యార్థులలో పెంపొందించడం.

దేశాటనం జ్ఞానదాయకమని పెద్దల మాట. అయితే ప్రతి దేశానికీ ఒక ప్రకృతి, ఒక ఆచారం ఉంటాయి. ఆ రెంటినీ ఎరిగినవాడికి యాత్ర సుఖప్రదమవుతుంది. ఎరుగనివాడికి ప్రాణసంకటంగా పరిణమించవచ్చు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 సంవత్సరాలలో కాశీయాత్ర చేశాడు. దారిలోని మజిలీలను, నీటి వసతిని, సరుకులు దొరికే తావులను తన 'కాశీయాత్ర చరిత్ర'లో శ్రద్ధగా నమోదు చేశాడు. తన వెనుక వచ్చే బాటసారి కష్టపడరాదన్నదే ఆ శ్రద్ధలోని పరమార్థం.

కర్కట, మకర రేఖల నడుమనున్న భూభాగం ఉష్ణమండలం. ఆలేరు సుమారు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. అందువల్ల ఏటా రెండుసార్లు, మే రెండవ వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను, మధ్యాహ్న సూర్యుడు ఇక్కడ నడినెత్తిన నిలుస్తాడు. ఆగస్టులో వానమబ్బు గొడుగు పడుతుంది. మే నెలలో ఆ గొడుగు ఉండదు. శీతలదేశవాసి ఒకడు ఆలేరు రైల్వేస్టేషనులో దిగి, ఆరేడు కిలోమీటర్ల దూరంలోని కొలనుపాకను చూడగోరాడనుకొందాం. అతనికి మనం ఏమి చెప్పాలి?

మొదట చెప్పవలసినది కాలాన్ని గురించి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు యాత్రకు అనుకూలం. ఎండాకాలంలోనే రావలసివస్తే ఉదయం పది గంటల లోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత సంచరించాలి. మన రైతు తెల్లవారకముందే పొలానికి వెళ్లి, ఎండ ముదిరేసరికి చెట్టునీడకు చేరడం సోమరితనం కాదు, అనుభవం నేర్పిన వివేకం. తలకు రుమాలు చుట్టుకోవడం, వదులైన నూలు వస్త్రాలు ధరించడం కూడ అట్టివే. తలనొప్పి, వాంతి, తడబడే మాట, మితిమీరిన జ్వరం వడదెబ్బకు సూచనలు. అట్టివానిని వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీటితో తడిపి, గాలి తగిలేటట్లు విసరుతూ, 108కి కబురుచేయాలి. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

రెండవది నీరు. ఇంటికి వచ్చినవారికి ముందుగా మంచినీళ్లివ్వడం మన సంప్రదాయం. కొత్త దేశపు నీటికి అలవాటుపడని యాత్రికుడు త్రాగితే విరేచనాలు కావచ్చు. త్రాగకుంటే గృహస్థు మనసు నొచ్చుకొంటుంది. ఇక్కడ నేర్పు అవసరం. లోటాను ఆదరంతో అందుకొని, "చాయ ఇప్పించండి, అదే నాకు పడుతుంది" అంటే చాలు. మరిగిన చాయ నిరపాయకరం, అతిథి మర్యాదకూ లోపం రాదు. విరేచనాలైతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి.

మరిగించితే క్రిములు నశిస్తాయి కాని ఫ్లోరైడు పోదు. నల్లగొండ సీమలోని పలు గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడు అధికం. దానిని తొలగించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి 'నల్లగొండ విధానం' అనే పేరు స్థిరపడింది. ఊరి పేరు ఔషధానికి పేరైందంటే అక్కడి వ్యాధి ఎంతటిదో ఊహించవచ్చు. నాలుగు రోజులుండిపోయే అతిథికి ఫ్లోరైడుతో భయం లేదు. తరతరాలు ఆ నీటినే త్రాగినవారి దంతాలు, ఎముకలు దెబ్బతిన్నాయి. బాటసారి తన సీసా నీటిని చూసుకొనేటప్పుడు ఈ సంగతి కూడ ఎరిగి ఉండాలి.

మూడవది దోమ. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగీ దోమ పగలు. కనుక రాత్రి దోమతెర, పగలు నిండుచేతుల దుస్తులు ఉండాలి.

ఇక మర్యాదలు. కొలనుపాక జైనమందిరంలోకి తోలు వస్తువులు తీసుకుపోరాదు. అక్కడి సోమేశ్వరాలయం వీరశైవులకు పూజ్యం. ఏ గుడికైనా పాదరక్షలు వెలుపల విడవాలి, దర్గాలో తల కప్పుకోవాలి. భోజనానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి కుడిచేయే తగినది. మనవారు తలను అటూ ఇటూ ఊపితే అది తరచుగా అంగీకారమే. బతుకమ్మ ఆడుతున్న స్త్రీలను చూడవచ్చు, అనుమతి లేక ఛాయాచిత్రం తీయరాదు. వారు ఆడుతున్నది తమ పండుగ, యాత్రికుని కొరకు ఏర్పరచిన ప్రదర్శన కాదు. సెలవు తీసుకొనేటప్పుడు "పోతున్నాను" అనక "పోయొస్తా" అనాలి. ఆ 'వస్తా' అనే మాటలో తిరిగి కలుస్తామన్న ఆశ ఉంది.

విద్యార్థులారా! నేడు మీరు అతిథికి మార్గదర్శకులు. రేపు చదువుకో ఉద్యోగానికో మరొక దేశంలో మీరే అతిథులు కావచ్చు. అక్కడి నీరు, ఎండ, చలి, మర్యాద మీకు కొత్తవి. చెప్పేవారిని వెదకి అడగడం చిన్నతనం కాదని గుర్తుంచుకోండి.

అర్థాలు
దేశాటనం = దేశాలు తిరగడం
దుబాసి = రెండు భాషలు తెలిసి, ఒకరి మాట మరొకరికి తెలిపేవాడు
మజిలీ = ప్రయాణంలో విడిది
నిరపాయకరం = అపాయం కలిగించనిది

ప్రశ్నలు
1. ఆలేరులో సూర్యుడు ఏటా రెండుసార్లు నడినెత్తిన నిలవడానికి కారణమేమి?
2. అతిథి ఆరోగ్యమూ గృహస్థు మర్యాదా రెండూ నిలిచే ఉపాయాన్ని వివరించండి.
3. 'నల్లగొండ విధానం' అనే పేరును గురించి రచయిత చెప్పిన మాటలోని భావాన్ని విశదీకరించండి.
4. మీ ఊరికి తొలిసారి వచ్చే అతిథికి పది సూచనలతో ఒక లేఖ వ్రాయండి.