దోయేగు చెప్పని మాట

చదువవలసిన భాగము: 1 సమూయేలు 21:1–9, 22:6–23

కొండెములనగా అబద్ధములేయని పలువురు తలంచుదురు. అయితే ఏదోమీయుడైన దోయేగు అబద్ధమాడలేదు. దావీదు నోబునకు వచ్చుట అతడు చూచెను. యాజకుడైన అహీమెలెకు అతని పక్షముగా యెహోవాయొద్ద విచారణ చేసి, ఆహారమును గొల్యాతు ఖడ్గమును ఇచ్చుటయు నిజమే. కాని తాను రాజకార్యముమీద వచ్చితినని దావీదు చెప్పగా అహీమెలెకు నమ్మెనన్న సంగతి దోయేగు నోట రాలేదు. అది అతడు వినెనో లేదో గ్రంథము తెలుపదు. వినకపోయినయెడల అడిగి తెలిసికొనవచ్చును గదా! అతడు సౌలు ముఖము చూచి, ఆ ముఖమునకు ఇంపైనంతవరకే చెప్పెను.

ఫలమేమి? ఏఫోదు ధరించిన 85 మంది యాజకులు ఒక్క దినమున హతులైరి. రాజు కాపుబంటులు యాజకులమీద చెయ్యి వేయనొల్లకపోగా, చెప్పిన నోరుగలవాడే కత్తి పట్టెను. నోబులోని స్త్రీలును చంటిబిడ్డలును తప్పించుకొనలేదు. లేవీయకాండము 19:16లో కొండెములాడుటను గూర్చిన ఆజ్ఞయు, పొరుగువాని ప్రాణమును గూర్చిన ఆజ్ఞయు ఒకే వచనములో పక్కపక్కనే నిలుచుట ఊరక కాదు.

ఈ పాఠమును భిలాయిలో చదువుకొనవచ్చును. అచ్చటి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో ప్రారంభమయ్యెను. పనికై వచ్చిన తెలుగు కుటుంబములు అనేకములు ఆ పట్టణమున స్థిరపడినవి. ఫర్నేసుకు ఆదివారము లేదు, రాత్రి లేదు, షిఫ్టులు మారుచుండును. స్మృతినగర్‌లో నివసించు ఒక యువకుడు రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదనుకొందము. తెల్లవారుజామున ఇల్లు చేరుట పొరుగువారు చూచిరి. రెండును నిజములే. రోగియైన తోటి పనివానికి బదులుగా అతడు డ్యూటీ చేసెనన్నది ఎవరును అడుగలేదు. అంతలో శ్రీకాకుళమునుండి పెండ్లి సంబంధమువారు విచారింపగా, "ఆదివారము గుడిలో కనబడడు, రాత్రులు ఇంట ఉండడు" అను జవాబు పోవును. సంబంధము తప్పును, కారణము ఆ తల్లిదండ్రులకు ఎవరును చెప్పరు. స్మృతియనగా జ్ఞాపకము. యువకుడు మరి ఎన్ని ఆదివారములు వచ్చినను జనుల జ్ఞాపకములో నిలుచునది ఆ రెండే.

నోబునుండి తప్పించుకొనిన అబ్యాతారు దావీదునొద్దకు వచ్చెను. ఆ దినమున దోయేగు అక్కడ నుండుట చూచినప్పుడే అతడు సౌలుకు తెలుపునని తనకు తోచెనని దావీదు ఒప్పుకొనెను. అహీమెలెకుతో తానాడిన అబద్ధము అతనికి జ్ఞాపకమున్నది. నింద దోయేగుమీద త్రోసివేయక, అబ్యాతారు తండ్రి యింటివారందరి మరణమునకు తానే కారకుడనని చెప్పి, భయపడక తనయొద్ద నుండుమని అతనిని చేర్చుకొనెను.