ఉగాండా ప్రయాణం: కార్డు ఒక్కటే చాలదు

ప్రశ్న: నా వయసు 34. ఆఫీసు పని మీద మూడు నెలలు కంపాలాలో ఉండాలి. యెల్లో ఫీవర్ టీకా తప్పదన్నారు. మలేరియా మాత్రలు కూడా వాడాలా? చిన్నప్పుడు నాకు మలేరియా వచ్చి తగ్గింది. అన్నాళ్లు మాత్రలు మింగితే లివర్ పాడవదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: టీకా తప్పనిసరే. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కు వెళ్లండి. టీకా వేశాక ఇచ్చే కార్డు పదో రోజు నుంచే చెల్లుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. ఒక్క డోసు జన్మంతా పనికొస్తుంది. గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ జ్వరాన్ని మోసే ఈడిస్ దోమ మన దగ్గర కావలసినంత ఉంది, జ్వరం మాత్రం ఇంకా అడుగుపెట్టలేదు. అంటే ఈ నిబంధన మీకెంత రక్షణో దేశానికీ అంతే. కానీ మలేరియా మాత్రలు వేసుకున్నారా అని ఏ విమానాశ్రయంలోనూ అడగరు. అందుకే జనం మలేరియాను తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి కంపాలా వెళ్లేవారికి యెల్లో ఫీవర్ కంటే మలేరియా సోకే అవకాశమే చాలా ఎక్కువ.

చిన్నప్పటి మలేరియా మిమ్మల్ని కాపాడదు. మన దగ్గర వైవాక్స్ రకం కూడా బాగా కనిపిస్తుంది. అది తిరగబెట్టి విసిగిస్తుందే గానీ ప్రాణం తీయడం అరుదు. ఉగాండాలో దాదాపు అంతా ఫాల్సిపారమే. వైద్యం ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లోనే మెదడు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ సోకితే కొంత తట్టుకునే శక్తి వస్తుంది, కానీ ఆ ప్రాంతం వదిలాక అదీ తగ్గిపోతుంది. విదేశాల్లో స్థిరపడిన ఉగాండా వాళ్లే సొంతూరు వెళ్లి జబ్బు పడుతుంటారు. 1897లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే అయినా, ఆ ఘనత మన రక్తంలోకేమీ ఎక్కలేదు.

లివర్ భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అనే మలేరియా మాత్రల వల్ల లివర్ దెబ్బతినడం చాలా అరుదు, మూడు నెలలు వాడొచ్చు. ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఏడు రోజుల దాకా రోజూ వేసుకోవాలి. ధర ఎక్కువ. డాక్సీసైక్లిన్ చవక, కానీ వచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి, ఎండకు చర్మం కమిలిపోవచ్చు. క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. మీకేది సరిపడుతుందో మీ డాక్టరే తేల్చాలి. జ్వరమొస్తే అప్పుడే చూసుకుందాం అనేవాళ్లూ ఉన్నారు. కంపాలాలో పరీక్షలు దొరుకుతాయి, నిజమే. కానీ పని మీద ఊళ్లు తిరిగేటప్పుడు జ్వరమొస్తే పరీక్ష చేయించేసరికే ఒక రోజు పోతుంది. ఫాల్సిపారం విషయంలో ఆ రోజే కీలకం.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం టీకాలు కూడా డాక్టరుతో మాట్లాడి చూసుకోండి. మాత్రలు వాడినా రాత్రి దోమతెర తప్పదు, ఎందుకంటే అనాఫిలిస్ దోమ కుట్టేది సాయంత్రం నుంచి తెల్లవారే దాకా. తిరిగొచ్చాక, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, జ్వరమొస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఉగాండా నుంచి వచ్చానని డాక్టరు అడగకముందే చెప్పండి. లేదంటే ముందు డెంగీ కోసమే వెతుకుతారు.