ఆడేది బొమ్మా? బిడ్డా?

పండుగనాడు పిల్లవాడి చేతిలో ఈదీ డబ్బులు పడతాయి. ఈద్‌గాహ్ బయట ఆటవస్తువుల బండ్లు వరుసగా నిలిచి ఉంటాయి. వాడు రిమోట్ కారు కావాలంటాడు. మనం కొనిస్తాం. ఇంటికొచ్చాక కారు గదంతా తిరుగుతుంది. పిల్లవాడు మాత్రం చాప మీద కూర్చుని మీట నొక్కుతుంటాడు. నాలుగు రోజులకు బ్యాటరీ అయిపోతుంది. ఆ నాలుగు రోజులూ పరుగెత్తింది కారే గాని మన బిడ్డ కాదు!

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పిల్లల చదువు గురించి, నడవడిక గురించి మనం ఆలోచిస్తాం. మరి వారి శరీరం గురించి? ఉదయం బడి, సాయంత్రం ట్యూషన్, ఆపైన మక్తబ్‌లో ఖుర్ఆన్ పాఠం, రాత్రికి సెల్‌ఫోన్. ఇందులో బిడ్డ చెమట పట్టేలా ఆడుకునే సమయం ఏది?

ఆట వృథా కాదు

దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మొదటిసారి ఆమె గెలిచారు, కొంతకాలం తర్వాత ఆయన గెలిచారు. అంతటి బాధ్యతలు మోసిన మహనీయులే ఇంటివారితో పరుగెత్తగా లేనిది, ఆటంటే కాలం వృథా అని మనం పిల్లల్ని కసురుకోవడం సబబేనా?

5 నుండి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేలా శరీరాన్ని కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వారానికి కనీసం 3 రోజులు ఎముకలు, కండరాలు గట్టిపడే శ్రమ కూడా ఉండాలని చెప్పింది. గెంతడం, పరుగెత్తడం, ఎక్కడం అలాంటివే. కాబట్టి ఆటవస్తువు కొనేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనితో కదిలేది బొమ్మా, బిడ్డా?

వయసుకు తగిన వస్తువు

6 నుండి 8 ఏళ్ళ పిల్లలకు శరీరాన్ని అదుపులో ఉంచుకోవడం ఇంకా అలవడుతూ ఉంటుంది. వీరికి మెత్తని బంతి, తాడాట తాడు చాలు. తొక్కుడుబిళ్ళకైతే ఒక సుద్దముక్క, ఒక పెంకు ఉంటే సరి. తాడు కొలత ఇలా చూడండి: బిడ్డ తాడు మధ్యలో కాళ్ళు పెట్టి నిలబడి పైకి లాగితే, రెండు పిడులూ చంకల దాకా రావాలి.

9 నుండి 12 ఏళ్ళ వారు నియమాలు పాటిస్తూ జట్టుగా ఆడగలరు. బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్, ఏడు పెంకులాట, సైకిల్ వీరికి తగినవి. ఈ వయసుకు 4వ సైజు ఫుట్‌బాల్ సరిపోతుంది. “పెరిగాక పనికొస్తుందిలే” అని పెద్ద సైకిల్ మాత్రం కొనకండి. సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకు అందని సైకిల్ బిడ్డను పడదోస్తుంది. సైకిల్‌తోపాటే హెల్మెట్ కూడా కొనండి.

చేతివేళ్ళకూ పని కావాలి. గోళీలు, అచ్చనగాయలు, బొంగరం వేళ్ళకు పట్టునిస్తాయి, చూపునూ చేతినీ కలిపి వాడడం నేర్పుతాయి. ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రతో చేసి, లక్కపూత వేసే బొంగరాలు ఇందుకు చక్కగా పనికొస్తాయి.

ఆడపిల్లల మాటేమిటి?

ఎనిమిదో, తొమ్మిదో ఏడు రాగానే చాలా ఇళ్ళలో ఆడపిల్ల ఆట ఆగిపోతుంది. తమ్ముడు బంతి పట్టుకుని వీధిలోకి వెళితే, అక్క చేతికి చీపురు వస్తుంది. కాని ఎముకలు వేగంగా గట్టిపడేది యుక్తవయసుకు అటూ ఇటూ ఉన్న ఈ కొద్ది ఏళ్ళలోనే. అప్పుడు కూడబెట్టుకున్న బలమే రేపు కాన్పులకూ, ముసలితనానికీ ఆసరా. పరదా పాటిస్తూనే పెరట్లో తాడాట ఆడవచ్చు. ఎత్తయిన పిట్టగోడ ఉన్న డాబా మీద అక్కచెల్లెళ్ళు, తల్లి కలిసి రింగు ఆట ఆడుకోవచ్చు. హజ్రత్ ఆయిషా (రజి) పరుగు పందెం మన అమ్మాయిలకు కూడా పాఠమే కదా!

కొనే ముందు జాగ్రత్త

మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది. అంచులు కోసుకునేలా ఉన్నా, రంగు చేతికి అంటుతున్నా ఆ వస్తువు వద్దు. ఇంట్లో పసిపిల్లలు ఉంటే గోళీలు, చిన్న బ్యాటరీలు వారికి అందకుండా దాచండి.

పండుగ బండ్ల మీద అమ్మే ప్లాస్టిక్ గుండ్ల తుపాకులు అసలే వద్దు. ఆ చిన్న గుండు కంటికి తగిలితే చూపే పోవచ్చు. సోదరునివైపు ఆయుధం చూపడాన్ని దైవప్రవక్త (స) వారించారు. ఆ అలవాటు ఆటలోనైనా ఎందుకు?

తల్లిదండ్రులారా! అస్ర్ నుండి మగ్రిబ్ వరకు ఉన్న సమయంలో ఒక గంట పిల్లల ఆటకు వదలండి. ట్యూషన్ వేళ మార్చవలసి వస్తే మార్చండి. వారానికి రెండు రోజులైనా తండ్రి కూడా బంతి పట్టుకోవాలి. అజాన్ వినగానే ఆట ఆపి, కాళ్ళూ చేతులూ కడుక్కుని నమాజుకు రావడం కూడా అక్కడే నేర్పవచ్చు. తాడు ఖరీదు కొద్దిపాటి డబ్బే. బిడ్డకు అంతకన్నా విలువైనది మన సమయం.

ఈ అమానతును ఆరోగ్యంగా పెంచే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.